ధీరోదాత్తుడి గడిలో కర్ణుడూ అకిలీసూ ఇమడడం లేదు, పిల్లలకు ఎట్లా చెప్పాలి?

దేవునికడప (ప్రశ్న)

కడపలో డిగ్రీ పిల్లలతో ఆదివారాలు కావ్యాలు చదివే బృందం ఒకటి నడుస్తోంది. ఈసారి ‘ప్రాచీన కావ్యాల్లో వీరుడు’ అని పెట్టుకున్నాం. ఆరు వారాలు, వారానికి రెండు గంటలు. వాల్మీకి రామాయణం, భారతం, గ్రీకు కవి హోమర్ ఇలియడ్, ఈ మూడే.

చిక్కు ఏమంటే, అందరూ ధీరోదాత్త, ధీరోద్ధత, ధీరలలిత, ధీరశాంత అని నాలుగు రకాల నాయకుల్ని బట్టీ పట్టి వచ్చినవాళ్లే. పేరు చెప్పీచెప్పకముందే ఒక గడిలో వేసేస్తారు. రాముడు ఉదాత్తుడు, రావణుడు ఉద్ధతుడు, అంతవరకు సాఫీగానే పోతుంది. కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి సగం మంది అటు, సగం మంది ఇటు. గ్రీకు వీరుడు అకిలీస్‌ను అందరూ ఉద్ధతుడన్నారు. ఇలియడ్ చివరి భాగం చదివితే ఆ మాట నిలబడదు.

ఈ పట్టికను వాడాలా, పక్కన పెట్టాలా? ఏ ఘట్టాలు తీసుకుంటే వీరుడి స్వభావం బాగా బయటపడుతుంది? సినిమాలో చూసింది, హరికథలో విన్నది మూలంలోనే ఉందనుకుని పిల్లలు వాదిస్తారు. అట్లాంటివి ఏవేవో ముందే చెబితే జాగ్రత్త పడతాను.

పెన్నేటిగట్టు, ప్రొద్దుటూరు

పట్టికను పారేయొద్దు సార్. అయితే అది దేనికోసం పుట్టిందో ముందు చెప్పండి. ధనంజయుడు పదో శతాబ్దంలో రాసిన దశరూపకం నాటకాల శాస్త్రం. నాటకంలో ప్రధాన నాయకుడు మొదటి అంకం నుంచి చివరి అంకం దాకా ఒక ధోరణిలో ఉండాలి, లేకపోతే రసం చెడుతుంది. కర్ణుడు ఆదిపర్వంలో వచ్చి కర్ణపర్వంలో పడతాడు. అంత బతుకును ఒక్క గడిలోకి కుదించడం అయ్యే పని కాదు.

పేర్లు వదిలేసి లక్షణాలు పట్టుకోమనండి. ధీరోదాత్తుడికి చెప్పినవి ఏడు: గొప్ప సత్త్వం, గాంభీర్యం, క్షమ, తన గొప్ప తాను చెప్పుకోకపోవడం, స్థిరత్వం, అహంకారం ఉన్నా పైకి తేలనీయకపోవడం, పట్టిన వ్రతం విడవకపోవడం. ఉద్ధతుడికి దర్పం, మాత్సర్యం, మాయ, కపటం, అహంకారం, చపలత్వం, చండత్వం, ఆత్మస్తుతి. ఘట్టం చదివాక ‘ఇక్కడ ఈ పదిహేనింటిలో ఏది కనిపించింది, ఏ మాటలో కనిపించింది’ అని అడగండి. మనిషికి పేరు పెట్టమని అడగొద్దు. ఇది శాస్త్రం ఒప్పుకున్న దారే. దశరూపకానికి వ్యాఖ్య రాసిన ధనికుడు పరశురాముణ్ణి తీసుకుని, రావణుడి విషయంలో ఉదాత్తంగానూ రాముడి ఎదుట ఉద్ధతంగానూ కనిపిస్తాడని చూపించాడు. ప్రధానుడు కాని పాత్రకు, ఎదుటివాడు మారితే తీరు మారుతుంది.

పిల్లలు బాగా తడబడేది వీరానికీ రౌద్రానికీ మధ్య. వీరరసానికి స్థాయి, అంటే లోపల నిలిచి ఉండే భావం, ఉత్సాహం, రౌద్రానికి క్రోధం. కళ్లెర్రజేసి అరిస్తే అది వీరం అనుకుంటారు. యుద్ధకాండలో రావణుడు మొదటిసారి స్వయంగా యుద్ధానికి వచ్చినప్పుడు రాముడు అతని విల్లు విరిచి, కిరీటం పడగొట్టి, ‘అలసిపోయావు, వెళ్లి సేదతీరి మళ్లీ రథమెక్కి రా’ అని పంపుతాడు. వీరం అంటే అది. నాట్యశాస్త్రం యుద్ధవీరంతో పాటు దానవీరం, ధర్మవీరం కూడా చెప్పింది. తర్వాతి ఆలంకారికులు దయావీరం కలిపి నాలుగు చేశారు. కర్ణుడి మీద వాదన సగం ఇక్కడే తేలుతుంది. ఒకరు దానవీరం గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు ధర్మవీరం గురించి.

ఇంకో పట్టిక ఉంది, పిల్లలకు అంతగా తెలియదు. బాలకాండ మొదటి సర్గలో 2 నుంచి 4 శ్లోకాలు. వాల్మీకి నారదుణ్ణి అడిగిన పదహారు గుణాలు: గుణవంతుడు, వీర్యవంతుడు, ధర్మజ్ఞుడు, కృతజ్ఞుడు, సత్యవాక్యుడు, దృఢవ్రతుడు... అట్లా సాగి చివరికి రెండు మాటలు దగ్గర దగ్గరగా పడతాయి. ఒకటి కోపాన్ని జయించినవాడు. రెండోది, యుద్ధంలో కోపమొస్తే దేవతలు కూడా భయపడేవాడు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండాలంటున్నాడు మహర్షి. ఇలియడ్ మొదలయ్యేదే అకిలీస్ కోపంతో. కాబట్టి మూడు కావ్యాలకూ ఒకే కొలత కావాలంటే అది కోపం: ఎందుకొచ్చింది, ఎవరి మీద పోయింది, ఎక్కడ ఆగింది.

ఆ కొలతకు తిరుగులేని చోటు శత్రువు పడిపోయిన తర్వాతి ఘడియ. యుద్ధం గెలిచేదాకా ఎవరైనా వీరుడిలాగే కనిపిస్తాడు, పడ్డవాడి ఒంటిని ఏం చేశాడన్న దగ్గర అసలు మనిషి తెలుస్తాడు. రావణుడికి సంస్కారం చేయడానికి తమ్ముడు విభీషణుడే వెనకాడతాడు. ‘మరణాంతాని వైరాణి’ అని, ‘నీకెట్లాగో నాకూ అట్లాగే’ అని చెప్పి చేయించినవాడు రాముడు. శల్యపర్వంలో భీముడు నాభికి కింద కొట్టకూడదన్న గదాయుద్ధ నియమం తప్పి దుర్యోధనుడి తొడలు విరిచి, పడ్డవాడి తల మీద కాలు పెడతాడు. ధర్మరాజు అడ్డుకుంటాడు. బలరాముడు నాగలి ఎత్తుతాడు. దుశ్శాసనుడి రక్తం సంగతి స్త్రీపర్వంలో గాంధారి నిలదీస్తే, అది పెదవులూ పళ్లూ దాటి లోపలికి పోలేదని భీముడు సమాధానం చెప్పుకుంటాడు. అంత బలవంతుడూ ఒక తల్లి ముందు లెక్క అప్పజెప్పాల్సి వచ్చింది. భారతం గొప్పదనం నాకు ఆ చోటే తెలుస్తుంది.

గుత్తికోట, అనంతపురం

ఇలియడ్ సంగతి నేను చెబుతా. అది 24 భాగాలు, 15 వేల పైచిలుకు పాదాలు. అంతా చదివించలేరు, అక్కర్లేదు కూడా.

ముందు అపోహలు. చెక్కగుర్రం ఇలియడ్‌లో లేదు. అకిలీస్ చావు కూడా లేదు, ట్రాయ్ యువరాజు హెక్టర్ దహనంతో కావ్యం అయిపోతుంది. మడమ ఒక్కటే తగిలే చోటన్న కథ హోమర్‌ది కాదు, చానా శతాబ్దాల తర్వాతి లాటిన్ కావ్యంలో కనిపిస్తుంది. ఈ మూడూ మొదటి గంటలోనే చెప్పేయండి. లేకపోతే ‘ఒళ్లంతా వజ్రమైనవాడికి ధైర్యం ఏముంది’ అని ఎవరో ఒకరు లేస్తారు. హోమర్ అకిలీస్‌కు చావు తప్పదు, అది దగ్గర్లోనే ఉందని అతనికి తెలుసు. కవచం లేకపోతే రణంలోకి పోలేడు, అందుకే 18వ భాగంలో తల్లి కొత్త కవచం, డాలు చేయించి తెస్తుంది.

అకిలీస్‌ను ఉద్ధతుడనడంలో తప్పు ఎక్కడంటే, పైన చెప్పిన ఎనిమిది లక్షణాల్లో మాయ, కపటం ఉన్నాయి కదా. 9వ భాగంలో 312వ పాదం దగ్గర చూడండి. లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి మాట్లాడేవాడు తనకు యమలోకపు వాకిలి అంత అసహ్యం అంటాడు. కపటం ఆ మనిషి దగ్గరికే రాదు. క్షమ లేదు, గుంభన లేదు, కాబట్టి ఉదాత్తుడూ కాడు. ఇక ఆత్మస్తుతి. మన శాస్త్రంలో అది దోషం. హోమర్ లోకంలో అది యుద్ధ మర్యాద. పడ్డవాడి మీద నిలబడి తన గొప్ప చెప్పుకోవడం అందరూ చేసేదే, సౌమ్యుడనుకునే హెక్టర్ కూడా అకిలీస్ నేస్తం పాట్రోక్లస్ పడ్డప్పుడు చేశాడు. ఒక లోకపు కొలతతో ఇంకో లోకాన్ని కొలిస్తే ఇట్లాంటి చోటే పట్టు తప్పుతుంది.

అదే 9వ భాగంలో 410 నుంచి 416 దాకా ఏడు పాదాలు తప్పకుండా చదివించండి. తనకు రెండు దారులున్నాయంటాడు. ఇక్కడే ఉండి పోరాడితే ఇంటికి తిరిగిపోవడం ఉండదు కానీ కీర్తి చావదు. ఇంటికి పోతే కీర్తి పోతుంది, నిండా బతుకుతాడు. దీనికి జోడు మన అరణ్యపర్వంలో ఉంది. ఇంద్రుడు బ్రాహ్మణుడి వేషంలో కవచకుండలాలు అడగడానికొస్తున్నాడు, ఇవ్వొద్దని సూర్యుడు కలలో చెబితే, ప్రాణం పోయినా నాకు కీర్తే కావాలంటాడు కర్ణుడు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఆ పూటంతా ఇంకేం అక్కర్లేదు.

హెక్టర్ విషయంలో పిల్లలు తేల్చే మాట ‘పారిపోయాడు, పిరికివాడు’. 22వ భాగం మొదటి నూటముప్పై పాదాలు వదిలేసి చదివితే అట్లానే అనిపిస్తుంది. కోట తలుపు బయట ఒంటరిగా నిలబడి అతను తనతో తాను మాట్లాడుకుంటాడు. సైన్యాన్ని వెనక్కి తీసుకుపొమ్మని తోటి వీరుడు పాలిడమస్ చెబితే వినలేదు, చానా మంది చచ్చారు, ఇప్పుడు లోపలికి పోయి ట్రాయ్ ఆడవాళ్ల ముఖం ఎట్లా చూడాలి అని. తలుపు బయట నిలబెట్టింది సిగ్గు. తర్వాత అకిలీస్ దగ్గరికి రాగానే వణుకు పుట్టి పరిగెత్తాడు, కోట చుట్టూ మూడు సార్లు. హోమర్ అతన్ని తీసిపారేయడు. ముందు పరిగెత్తేవాడు గొప్పవాడు, తరిమేవాడు ఇంకా గొప్పవాడు అంటాడు. చివరికి తమ్ముడు పక్కన నిలబడ్డాడనుకుని ఆగుతాడు. అది ఎథీనా దేవత వేసిన వేషమని తెలిశాక కూడా కత్తి దూసి ముందుకే పోతాడు. గాండీవం చేజారి ఒళ్లు వణికిన అర్జునుణ్ణి పిరికివాడనం కదా. భయం పుట్టడం వేరు, దాని తర్వాత కాళ్లు ఎటు నడిచాయన్నది వేరు.

శత్రువు ఒంటి గురించి పెన్నేటిగట్టు అన్న చెప్పింది ఇలియడ్‌కు ఇంకా గట్టిగా పడుతుంది. అకిలీస్ హెక్టర్ రెండు కాళ్ల వెనక నరాలను మడమ నుంచి చీలమండ దాకా చీల్చి, ఎద్దుతోలు వారులు దూర్చి, రథానికి కట్టి, తల నేలమీద కొట్టుకునేట్టు ఈడుస్తాడు. అదే మనిషి 24వ భాగంలో, హెక్టర్ తండ్రి ముసలి ప్రయామ్ వచ్చి కొడుకును చంపిన ఆ చేతుల్నే ముద్దుపెట్టుకుంటే, తన తండ్రి గుర్తొచ్చి ఏడుస్తాడు. ఇక్కడ ఒక చిన్న విషయం చానా మంది దాటిపోతారు. శవాన్ని కడిగించేటప్పుడు ప్రయామ్ కంట పడకుండా పక్కకు తీసుకుపొమ్మంటాడు. కొడుకును ఆ స్థితిలో చూస్తే తండ్రికి కోపమొస్తుందేమో, అది చూసి తనకూ కోపమొచ్చి ముసలాయన్ను చంపేస్తానేమో అని. కోపం పోలేదు. కానీ అది ఎప్పుడు లేస్తుందో ముందే పసిగట్టి దారి మళ్లించడం వచ్చింది. తర్వాత దహనానికి ఎన్ని రోజులు కావాలని అడిగి, తొమ్మిది రోజులు ఏడవడానికి, పదో రోజు సంస్కారానికి, పదకొండో రోజు సమాధి గుట్ట పేర్చడానికి యుద్ధం ఆపుతానని మాటిస్తాడు.

కొండారెడ్డిబురుజు, కర్నూలు

కర్ణుడి గురించి. మా జిల్లాలో పద్యనాటకం చూసే పల్లెల్లో కర్ణుడి పాత్రకుండే గౌరవం అందరికీ తెలిసిందే. దాన్ని తగ్గించాలని కాదు, మూలం ఇంకా లోతైన కర్ణుణ్ణి ఇస్తుంది కాబట్టి అది చదివించండి.

ఎక్కువమంది రథచక్రం కుంగిన ఘట్టంతో మొదలుపెడతారు. దానివల్ల మొదటి నుంచే జాలి కమ్ముకుని మిగతావేవీ కనపడవు. ఉద్యోగపర్వంతో మొదలుపెట్టండి. రాయబారం విఫలమై తిరిగి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని పుట్టుక చెబుతాడు. నువ్వు పెద్దవాడివి, రాజ్యం నీది అంటాడు. కర్ణుడి జవాబులో కోపం లేదు, ఏడుపు లేదు. కుంతి నన్ను నీళ్లలో వదిలింది. అధిరథుడు ఇంటికి తెస్తే రాధకు ప్రేమతో పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తిపోసింది. ఆమెకు పిండం లేకుండా ఎట్లా చేస్తాను? నాకు పేరు పెట్టించారు, పెళ్లిళ్లు చేశారు. దుర్యోధనుడి నీడలో పదమూడేళ్లు రాజ్యం అనుభవించాను. భూమంతా ఇచ్చినా ఆ మాట తప్పను అంటాడు. ఉప్పు తిన్న ఋణం అంటే మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇంకా పెద్ద మాట: ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దు, తెలిస్తే రాజ్యం నాకిస్తాడు, నేను దాన్ని దుర్యోధనుడికి ఇస్తాను. పాండవుల్ని అన్న పరుష వాక్యాలు దుర్యోధనుడి ప్రీతి కోసమే అన్నానని, ఇప్పుడు అవి తనను కాలుస్తున్నాయని కూడా ఒప్పుకుంటాడు. ఉదాత్తుడి ఏడు లక్షణాల్లో ఒకటి కూడా లోటు లేని చోటు ఇది.

మరుసటి వారం సభాపర్వం. దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు ద్రౌపది తరఫున లేస్తే వాణ్ణి కసిరి కూర్చోబెట్టినవాడు కర్ణుడు. పాండవుల బట్టలూ ఆమె బట్టలూ లాగమని దుశ్శాసనుడికి చెప్పినవాడూ కర్ణుడే. ద్రోణపర్వంలో పదమూడో రోజు అభిమన్యుడి విల్లు వెనకనుంచి తెంచినవాడూ ఆయనే. ఈ రెండూ విన్నాకనే రథచక్రం దగ్గరికి రండి. అప్పుడు ‘ధర్మం చూడు’ అని కర్ణుడు అడిగితే ‘ఆ రోజు ధర్మం ఎక్కడ పోయింది’ అని కృష్ణుడు ఒక్కొక్కటే గుర్తు చేయడం ఎందుకో పిల్లలకే తెలుస్తుంది. కర్ణుడు జవాబు చెప్పడు, సిగ్గుతో తల దించుకుంటాడు. జాలి అప్పుడు కూడా పుడుతుంది, కానీ అన్నీ తెలిసి పుడుతుంది.

దానం గురించి గుత్తికోట అన్న మాటకు చిన్న సవరణ. కవచకుండలాలు ఉత్తిగా ఇవ్వలేదు. ఎట్లాగూ ఇస్తానంటున్నావు, కనీసం శక్తి ఆయుధమన్నా అడుగు అని సూర్యుడు చెబితే కర్ణుడు అడిగి పుచ్చుకున్నాడు. ఒక్కసారే పనిచేసే ఆ శక్తి పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద ఖర్చయింది. అకిలీస్‌తో పోలిక పెట్టేటప్పుడు ఈ మారకాన్ని దాచొద్దు. ప్రాణం ఇచ్చేవాడు గెలుపు ఆశ కూడా వదులుకోలేదు, అందులో తప్పేమీ లేదు.

మూలంలో లేనివి కొన్ని. చావబోతూ బంగారు పన్ను ఊడగొట్టి దానం చేసిన కథ వ్యాసభారతంలో లేదు. అభిమన్యుడు సుభద్ర కడుపులో ఉండి పద్మవ్యూహం విన్నాడన్నదీ అంతే. ద్రోణపర్వంలో అతను చెప్పింది సూటిగా ఉంటుంది: వ్యూహం ఛేదించడం నాన్న నేర్పాడు, బయటికి రావడం నాకు రాదు. వెనకే వస్తామన్న పెద్దల్ని సైంధవుడు ఆపేశాడు. దారి తెలియదని ముందే చెప్పి లోపలికి పోయాడు కాబట్టే అది వీరం.

పద్యం చదివించేటప్పుడు ఒక జాగ్రత్త. ఉద్యోగ, కర్ణపర్వాలు తిక్కన గారివి. పిల్లలు పాదం చివర ఆగిపోతారు. తెలుగు వృత్తంలో మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో ముగియడం మామూలు కాబట్టి, అక్కడ ఆగితే అర్థం విరిగిపోతుంది. మొదట అన్వయం చెప్పి, వచనంలాగా ఒకసారి మాట విరుపులతో చదివించి, రెండోసారి గణాలు తెలిసేట్టు చదివించండి. రాగం మూడోసారి. వన్స్‌మోర్ కోసం సాగదీసే పద్ధతి వేదిక మీద బాగుంటుంది, పాఠంలో అర్థాన్ని మింగేస్తుంది.

దేవునికడప

చాలా చాలా సంతోషం అందరికీ. రెండు సందేహాలు. వాలి వధ పెట్టాలా? పెడితే ఆ రెండు గంటలూ రాముడి మీద గొడవతోనే అయిపోతాయని భయం. రెండోది, పిల్లల్ని ఒక రోజు ఎక్కడికన్నా తీసుకుపోవచ్చా, ఈ అంశానికి పనికొచ్చేట్టు?

చిత్రావతి, ధర్మవరం

రెండోదానికి లేపాక్షి. మంటపం కప్పు మీద కిరాతార్జునీయం చిత్రాలున్నాయి. తీసుకుపోయే ముందు అరణ్యపర్వంలో ఆ భాగం చదవండి. పందిని అర్జునుడూ, కిరాతుడి వేషంలో వచ్చిన శివుడూ ఒకేసారి కొట్టి నాదంటే నాదని తగువు పడతారు. ఎన్నటికీ తరగని అర్జునుడి అమ్ములపొది ఖాళీ అవుతుంది. గాండీవంతో కొడితే కిరాతుడు దాన్నే లాక్కుంటాడు, కత్తితో నెత్తిన కొడితే కత్తి విరుగుతుంది. చెట్లు, రాళ్లు, చివరికి పిడికిళ్లు. ఒళ్లు తెలియకుండా పడిపోతాడు. పాశుపతం దొరికింది గెలిచినందుకు కాదు, చేతిలో ఏదీ లేకపోయినా పట్టు వదలనందుకు. పొద్దున వెలుతురులో వెళ్తే మేలు, రంగులు మాసిపోయి ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం ఎండలోంచి లోపలికి వస్తే కాసేపు కళ్లకు ఏదీ ఆనదు.

వీలైతే అదే రోజు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కూడా చూడండి. తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలుచగా చేసి, చిల్లులు కొట్టి, రెండువైపులా రంగు వేస్తారు, వెనక దీపం పెడితే తెర మీద వెలుగుతుంది. రాముడి బొమ్మ, రావణుడి బొమ్మ పక్కపక్కన పట్టించి, కనుబొమ్మలు, కళ్లు, నిలబడ్డ తీరు గమనించమనండి. ఉదాత్తం, ఉద్ధతం అనే మాటలు తోలు మీద గీతగా ఎట్లా మారాయో కనిపిస్తుంది.

పెన్నేటిగట్టు, ప్రొద్దుటూరు

వాలి వధ తప్పకుండా పెట్టండి సార్. గొడవ కావాల్సిందే. కిష్కింధకాండ 17వ సర్గలో వాలి అడిగే ప్రశ్నలకన్నా గట్టి ప్రశ్నలు మన పిల్లలు అడగలేరు. నీతో నాకు వైరం లేదు, నీ ఊరిలో ఏ పాపమూ చేయలేదు, ఇంకొకడితో పోరాడుతుంటే కనపడకుండా ఎందుకు కొట్టావు అని. 18వ సర్గలో రాముడి జవాబు. తన నాయకుణ్ణి దోషిగా నిలబెట్టి అడిగించే ధైర్యం ఆ కవికి ఉంది. మీరు ఏ పక్షమూ తీసుకోకుండా రెండు సర్గలూ పూర్తిగా చదివించండి. జవాబు వినకుండా తీర్పు చెప్పేవాళ్లను మాత్రం ఆపండి.

వరస ఇట్లా పెట్టుకుంటే కుదురుతుంది. మొదటి వారం పదహారు గుణాలు, దశరూపకం లక్షణాలు, అపోహలు. రెండో వారం ఇలియడ్ 1, 9 భాగాల్లోంచి తగాదా, రెండు దారుల మాట, దానితో కర్ణుడూ సూర్యుడూ. మూడో వారం ఉద్యోగపర్వపు కర్ణుడు. వీలుంటే 12వ భాగంలో 310 నుంచి 328 దాకా, ట్రాయ్ పక్షాన పోరాడే సార్పెడాన్ మాటలు కలపండి. మన ఊళ్లో మనకు ముందు పీట, మంచి మాంసం, నిండు గిన్నె ఎందుకిస్తున్నారు, అందుకే ముందు వరసలో నిలబడాలి అంటాడు. ఉప్పు ఋణానికి ఇంతకన్నా దగ్గరి మాట ఆ గ్రీకు కావ్యంలో నాకు కనపడలేదు. నాలుగో వారం సభాపర్వం, అభిమన్యుడు, రథచక్రం. ఇది బరువైన వారం, ఇంకేమీ చేర్చొద్దు. ఐదో వారం వాలి, తర్వాత హెక్టర్ పరుగు.

ఆరో వారం శత్రువు శవం. రావణ సంస్కారం, దుర్యోధనుడి తల మీద భీముడి కాలు, ఆ తర్వాత ప్రయామ్. 24వ భాగం మొత్తం 804 పాదాలు, రెండు గంటల్లో కాదు. 470 దగ్గర ముసలాయన గుడారంలోకి అడుగుపెట్టే చోటు నుంచి 670 దాకా, రెండు వందల పాదాలు చాలు. నెమ్మదిగా చదివితే అరగంట పడుతుంది. మూడు ఘట్టాలూ ఒకే వారం పడాలి, వేర్వేరు వారాల్లో పెడితే పోలిక తెగిపోతుంది. రాతపని ఇవ్వాలనుకుంటే ‘గొప్ప వీరుడు ఎవరు’ అని ఇవ్వకండి. ఒక ఘట్టం, ఒక లక్షణం, అది కనిపించిన వాక్యం ఉన్నది ఉన్నట్టు, కింద పది వరసల వివరణ. పేజీ దాటనివ్వొద్దు.